మాబున్ని అడిగిన సీడీ

రెండువేల పంతొమ్మిది వేసవిలో నేను నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రి లాబొరేటరీకి చీఫ్ పాథాలజిస్టుగా ఉన్నాను. చీఫ్ అన్న మాట తలుపు మీది బోర్డులో ఉండేది గానీ, ఆ విభాగంలో పాథాలజిస్టును నేనొక్కణ్ణే. నాకు నేనే చీఫ్, నాకు నేనే అసిస్టెంటు. కిందివాడి పని నచ్చకపోతే వెళ్లి అద్దం ముందు నిలబడి మందలించుకోవాలి.

ఈ వృత్తి గురించి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. పాథాలజిస్టు అంటే రోగిని చూడని డాక్టరు. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను చూస్తాడు, లేదా నెత్తుటి చుక్కను చూస్తాడు. నా బతుకంతా ముక్కా చుక్కా మీదే గడిచిందని పెళ్లిళ్లలో ఎవరితోనో అంటే, వాళ్లు మరోలా అర్థం చేసుకుని నన్ను వేరే పందిరి వైపు తీసుకుపోయిన సందర్భాలున్నాయి.

ఆ ఏడు మే నెలలో దస్తగిరి అనే ఆయన నెత్తురు నా బల్ల మీదికి వచ్చింది. ఆయన కంటే ముందు ఆయన నెత్తురే నాకు పరిచయమైందన్నమాట. వయసు యాభై రెండు. ఊరు ఆళ్లగడ్డ. దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టడం పని. ఆరు నెలలుగా ఆయాసం. పరుపు ఎత్తి భుజాన వేసుకోలేకపోతున్నాడు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి నెత్తురు. ఎడమ పక్క డొక్క కింద బరువు. స్కానింగులో ప్లీహం, అంటే ఎడమవైపు పక్కటెముకల కింద దాగి ఉండే అవయవం, బొడ్డు దాకా పెరిగి ఉంది.

నెత్తురులో మూడు రకాల కణాలు ఉంటాయి. ఎర్రవి, తెల్లవి, గాయమైతే నెత్తురును గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు. దస్తగిరికి మూడూ తక్కువే. తెల్ల కణాలను మా మిషన్ రకరకాలుగా విడదీసి లెక్క చెబుతుంది. వాటిలో మోనోసైట్లు అనే రకం బాగా ఎక్కువున్నాయని చూపించింది. నేను స్లైడు మీద కూడా చూశాను. నూనె చుక్క వేసి, పెద్ద లెన్సు దించి, కణం నడుమ ఉండే కేంద్రకాన్ని పరీక్షించాను. పాథాలజిస్టు చదువంతా కేంద్రకం చుట్టే తిరుగుతుంది. అది గుండ్రమా, నొక్కుకుపోయిందా, ముదురా లేతా అన్నదే మాకు జాతకం. కొన్ని కణాలు అనుమానంగా ఉన్నాయి. వాటి అంచులు కాస్త గజిబిజిగా కనిపించాయి గానీ, స్లైడు సరిగా ఆరకపోతే అలాగే ఉంటుందని వదిలేశాను. మోనోసైట్ల సంగతి మిషన్ చెప్పిందే ఖాయం చేసుకున్నాను.

తరువాత ఎముక మూలుగ పరీక్ష. నడుము ఎముకలోకి సూది దించి మూలుగను పీల్చాలి. ఎంత లాగినా సిరంజిలోకి చుక్క రాలేదు. దీన్ని మేము డ్రై ట్యాప్ అంటాం. మా టెక్నీషియన్ సుంకన్న ఇరవై ఏళ్లుగా నాతో ఉన్నవాడు. ఖాళీ సిరంజి కేసి చూసి, "మా ఈదిలో కొళాయి మాదిరే ఉండాది సార్. తిప్పితే గాలే" అన్నాడు. చివరికి ఎముక ముక్క ఒకటి తీసి, మెత్తబడటానికి మందులో వేశాం. దాని నివేదికకు వారం పైన పడుతుంది.

ఈలోగా ఒక గొట్టంలో నెత్తురు తీసి, కణాల గుర్తులు చూసే పరీక్షకు హైదరాబాదు లాబొరేటరీకి పంపాను. ఆ పరీక్ష ఏమిటంటే, పదో తరగతి సర్టిఫికెట్టులో మనిషికి రెండు పుట్టుమచ్చలు రాస్తారు కదా, అలాగే ప్రతి కణానికీ ఒంటి మీద కొన్ని గుర్తులుంటాయి. ఆ గుర్తులకు అంటుకునే రంగు మందులు కలిపి, కణాలను ఒక్కొక్కటిగా లేజరు వెలుగు ముందు నడిపిస్తే, ఏ కణం ఏ గుర్తుకు మెరిసిందో మిషన్ రాసుకుంటుంది. గుర్తులు వందల్లో ఉన్నాయి కాబట్టి వాటికి పేర్ల బదులు నంబర్లు పెట్టారు. ప్రతి నంబరు ముందూ సీడీ అని ఉంటుంది. సీడీ 5, సీడీ 10, సీడీ 23, ఇలా. అన్నీ ఒకేసారి చూడరు. ముందు మామూలు జాబితా చూస్తారు. పంపినవాడు ఫలానా జబ్బు అనుమానమని ఫారంలో రాస్తే, దానికి తగ్గ ప్రత్యేక గుర్తులు కలుపుతారు.

నేను ఫారంలో "లింఫోమా?" అని, అంటే తెల్ల కణాల్లో ఒక రకం క్యాన్సరా అని, ఒక్క ముక్క రాశాను. నా చేతిరాత బాగుండదు కాబట్టి తక్కువ రాయడం మర్యాద అనుకునేవాణ్ణి.

జవాబు వచ్చింది. బి రకం కణాల క్యాన్సర్ ఉన్నమాట నిజం. సీడీ 5 లేదు, సీడీ 10 లేదు, సీడీ 23 లేదు. ఏ రకమో ఇంతకంటే తేల్చలేమన్నారు. ఆ కాగితాన్ని మా సర్జన్‌గారికి పంపుతూ నేను పైన ఒక వాక్యం జోడించాను: "ఇతర ప్రత్యేక గుర్తులు లేవు. ప్లీహంలో పుట్టిన లింఫోమా కావచ్చు." సర్జన్‌గారు దాన్ని చదివి, ప్లీహం తీసేయడమే దారి అని నిర్ణయించి గురువారానికి ఆపరేషన్ పెట్టారు. ప్లేట్‌లెట్లు అంత తక్కువున్న మనిషికి అది చిన్న ఆపరేషన్ కాదు. బల్ల మీదే నెత్తురు ఆగకపోవచ్చు. ఆ సంగతి సర్జన్‌గారు దస్తగిరి ఇంట్లోవాళ్లకు దాచకుండా చెప్పారు.

సోమవారం ఉదయం పది గంటలకు లాబొరేటరీ కౌంటరు దగ్గర గొంతులు పెరిగాయి. నేను తలుపు తీసి చూస్తే, నడివయసు ఆవిడ ఒకరు రిపోర్టు కాగితాన్ని అద్దానికి ఆనించి పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక బెంచీ మీద సన్నగా, పాలిపోయి ఉన్న మనిషి. ఆయన దస్తగిరి, ఆవిడ ఆయన భార్య మాబున్ని.

"స్కానింగ్ కాడ అడగకనే సీడీ ఇచ్చినారు" అంటోంది సుంకన్నతో. "ఈడ చూడు. సీడీ అయిదు లేదంట, పది లేదంట, ఇరవై మూడు లేదంట. మా పాప సదివి చెప్పింది. మూడు సీడీలు యాడ పోయినాయప్పా? రేపు ఆపరేషన్ సారు అడిగితే ఏమిచ్చేది?"

సుంకన్న నవ్వు ఆపుకోవడానికి రిజిస్టరులోకి తల దూర్చాడు.

"ఊరకుండు" అన్నాడు దస్తగిరి బెంచీ మీద నుంచి. "వాళ్లు పెద్ద సదువులు సదివినోళ్లు."

"సదివినోళ్లయితే వస్తువులు పోగొట్టరా?" అందామె వెనక్కి తిరక్కుండా.

నేను కౌంటరు దాకా వెళ్లి, సీడీ అంటే బిళ్ల కాదమ్మా, కణాల మీద గుర్తు అని వివరించబోయాను. ఆమె నా మాట మొత్తం విని, "అయితే ఆ గుర్తులే చూపీయండి" అంది. న్యాయమైన కోరికే. రోగిని గదిలోకి పిలిచి స్లైడు చూపించే ఆచారం మాకు లేదు. కానీ ఆ రోజు ఎందుకో, బహుశా ఆమె ముఖంలో సీడీల కంటే పెద్ద భయమేదో కనిపించి, ఇద్దరినీ లోపలికి రమ్మన్నాను.

నా గదిలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే స్లైడును చూడగలిగే మైక్రోస్కోపు ఉండేది. విద్యార్థుల కోసం కొన్నది. విద్యార్థులెవరూ రాకపోవడంతో రెండో వైపు కుర్చీలో ఫైళ్లు కూర్చునేవి. వాటిని దించి దస్తగిరిని కూర్చోబెట్టాను. ముందు మాబున్ని చూసింది. "ఏందీ, ఊదారంగు చుక్కలు" అని లేచింది. తరువాత దస్తగిరి కళ్లు ఆనించాడు. నేను మైక్రోస్కోపు లోపలి బాణం గుర్తును జరిపి కణం నడుమ కేంద్రకాన్ని చూపించాను. చాలాసేపు తీయలేదు. మొదటిసారి మైక్రోస్కోపు చూసేవాళ్లు తల ఊపేస్తారు, రెప్పలు కొడతారు. ఆయన కదల్లేదు.

"ఇది నా నెత్తురేనా సార్?" అన్నాడు.

"మీదే."

"చెమ్మ దూది మాదిరి ఉండాదే."

అర్థం కాలేదన్నాను. ఆయన కళ్లు తీయకుండానే చెప్పాడు. "తడి తగిలిన దూదిని ఏకితే పింజ విడదు సార్. అంచు అంతా ముద్ద కట్టుకుంటాది. దీని అంచు అట్ల ఉండాది. లోపల పింజ ఉండాది, విచ్చుకోలే." అప్పుడు తలెత్తి గది చుట్టూ చూశాడు. కిటికీలో పెద్ద కూలరు గడ్డి తడుపుకుంటూ తిరుగుతోంది. దాని ఎదుటే, మా స్లైడ్లు ఆరబెట్టే బల్ల. "ఈ కూలరు కాడనే ఆరబెడతారా?"

ఎండ నలభై రెండు దాటిన నెల అది. కూలరు చల్లగాలి స్లైడ్లకు కూడా తగిలితే మంచిదే అనుకున్నాం నేనూ సుంకన్నా. చల్లగాలే కాదు, అది తేమ గాలి కూడా అన్న ఊహ మా ఇద్దరికీ రాలేదు. స్లైడు మీద నెత్తురు చకచకా ఆరాలి. తేమలో నెమ్మదిగా ఆరితే కణాలు ముడుచుకుంటాయి. ఇది మొదటి ఏడాది పాఠం. దాన్ని నాకు ఆళ్లగడ్డ నుంచి వచ్చి ఒకాయన చెప్పాల్సి వచ్చింది.

"ఇంకోటి సార్" అన్నాడు దస్తగిరి, చెప్పాలా వద్దా అన్నట్టు భార్య కేసి చూసి. "మీరు బాణం పెట్టి నడిమిది చూపిస్తాండారు. దూదిని నడిమి చూస్తే ఏం తెలుస్తాది? అంచు చూడాల."

ముప్పై ఏళ్ల సర్వీసులో నేను విన్న అతి చిన్న ఉపన్యాసం అది. నా అహంకారానికి కొంచెం దెబ్బ తగిలిన మాట నిజమే గానీ, తగిలిన చోటు మంచి చోటు. సుంకన్నను పిలిచి, దస్తగిరి వేలి నుంచి కొత్తగా చుక్క తీయమన్నాను. పలచగా పరిచి, వరండాలో సీలింగు ఫ్యాను కింద, కూలరుకు దూరంగా ఆరబెట్టమన్నాను. నిమిషంలో ఆరింది. రంగు వేసి, కడిగి, పావుగంటలో తెచ్చి లెన్సు కింద పెట్టాను.

ఈసారి కేంద్రకం వైపు పోకుండా అంచు చూశాను.

కణం చుట్టూరా సన్నని నూగు. ఒక పక్క కాదు, చుట్టూ. తరువాతి కణానికీ అంతే. మిషన్ మోనోసైట్లని చెప్పినవి మోనోసైట్లు కావు. ఈ నూగు కణాలు ఆకారంలో పెద్దవి కావడంతో మిషన్ వాటిని ఆ ఖాతాలో వేసేసింది. మొత్తం స్లైడు వెతికితే నిజమైన మోనోసైటు ఒక్కటీ లేదు. పెద్ద ప్లీహం, మూడు రకాల కణాలూ తగ్గడం, సూదికి రాని మూలుగ, మాయమైన మోనోసైట్లు. నాలుగూ ఒకే చోటికి దారి చూపుతున్నాయి. ఖాళీ సిరంజి మా చేతకానితనం కాదు, అది కూడా ఒక లక్షణమే. ఈ జబ్బులో మూలుగ సన్నటి పీచుతో అల్లుకుపోయి సూదికి లొంగదు. అరుదైన జబ్బు. పేరు హెయిరీ సెల్ ల్యుకేమియా. అంటే వెంట్రుకల కణాల రక్త క్యాన్సర్. తలమీద ఒక్క వెంట్రుక మిగలని నాకు అది వెంట్రుక వాసిలో తప్పిపోబోయింది.

మాబున్ని నా ముఖమే చూస్తోంది. స్లైడు చూడమన్నాను. ఈసారి ఆమెకూ నూగు కనబడింది. కనబడగానే ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది.

"దూది నూగు నెత్తుట్లోకి పోయిందా సార్?" అంది. ఆ గొంతులో ఇందాకటి పోట్లాట లేదు. "ముక్కుకు గుడ్డ కట్టుకోమని ముప్పై ఏండ్లు చెప్తాండా. విన్లే ఈయప్ప. నేనన్నా గట్టిగా కట్టియ్యలే."

ఇంత సేపూ ఆమెను తింటున్న భయం అది. సీడీలు ఒక వంక మాత్రమే. నేను కుర్చీ ఆమె వైపు తిప్పుకుని, అది దూది కాదమ్మా, కణానికి సొంతంగా ఉన్న చర్మమే అలా పోగులుగా పెరిగింది, ఇది ఎందుకు వస్తుందో సరిగ్గా ఎవరికీ తెలియదు, దూదికీ దీనికీ ముడి పెట్టుకోవద్దు, నువ్వు గుడ్డ కట్టకపోవడం వల్ల రాలేదు అని చెప్పాను. రెండుసార్లు చెప్పాను. రెండోసారికి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇన్నావా" అన్నాడు దస్తగిరి మెల్లగా. "ఇంక ఆ గుడ్డ మాట ఎత్తొద్దు."

"ఎత్తుతా. దుమ్ము దుమ్మే" అందామె.

వాళ్లకు జబ్బు పేరు అప్పుడే చెప్పలేదు. ఇంకొక పరీక్ష కావాలని, రెండు రోజులు ఆగమని చెప్పాను. అది చెబుతూ రిపోర్టు మళ్లీ చేతిలోకి తీసుకున్నప్పుడు, పైన నేను రాసిన వాక్యం కళ్లబడింది. ఇతర ప్రత్యేక గుర్తులు లేవు. హైదరాబాదు వాళ్లు అలా రాయలేదు. వాళ్లు చూసిన గుర్తుల జాబితా ఇచ్చారంతే. మిగతావి నేను అడగలేదు, వాళ్లు చూడలేదు. చూడనివాటిని నేను లేవని రాశాను. ఆ ఒక్క మాట మీద ఒక మనిషి పొట్ట గురువారం తెరవబోతున్నారు.

"మాబున్నీ, నువ్వన్నది నిజమే. మీ సీడీ ఒకటి తక్కువైంది. పోగొట్టింది నేనే" అన్నాను.

ఆమె భర్త వైపు తిరిగి, "చూడు, నేను చెప్పలే?" అంది.

ముందు సర్జన్‌గారికి ఫోను చేశాను. నా నోటులో తప్పుందని, ఆపరేషన్ అక్కర్లేకపోవచ్చని చెప్పాను. ఆయన మితభాషి. ఎన్ని రోజులు కావాలని అడిగారు. రెండన్నాను. గురువారం ఉదయం థియేటరు సిద్ధంగా ఉంటుందని, అప్పటిలోగా కాగితం చూపిస్తే ఆపుతానని, అనుమానం మీద ఆపనని అన్నారు. ఆయన అన్నది సబబే. నెత్తురు కారుతున్న మనిషిని ఊహల మీద ఎంతకాలం ఉంచుతారు.

పాత గొట్టంలో నెత్తురు పనికిరాదు. ఈ పరీక్షకు కణాలు ప్రాణంతో ఉండాలి. ఒకటి రెండు రోజులు దాటితే గుర్తులు చెదిరిపోతాయి. ఐసులో పెట్టినా పాడవుతాయి, ఎండలో పెట్టినా పాడవుతాయి. కొత్త నెత్తురు తీసి థర్మకోల్ డబ్బాలో సర్ది, సుంకన్న మూత మీద ఎర్ర సిరాతో "ఐస్ పెట్టరాదు, ఎండ తగలరాదు" అని రాశాడు. నెత్తురును కాకుండా నోరులేని పసిబిడ్డనెవరినో పంపుతున్నట్టు ఆ సాయంత్రం బస్సు డ్రైవరుకు పది జాగ్రత్తలు చెప్పి ఎక్కించాడు. ఫారంలో ఈసారి నేను గళ్లు చాలక వెనక్కి తిప్పి రాశాను. సీడీ 103, సీడీ 11సి, సీడీ 123, సీడీ 25 తప్పక చూడాలని కోరాను.

ఈ నాలుగింటిలో చివరిది ముఖ్యం. నాలుగూ ఉంటే అసలైన హెయిరీ సెల్ జబ్బు. దానికి క్లాడ్రిబిన్ అనే మందుంది. అయిదు రోజులు సెలైనుతో ఎక్కిస్తే చాలామందికి ఏళ్లపాటు జబ్బు అణిగి ఉంటుంది. సీడీ 25 లేకపోతే మాత్రం, చూడటానికి ఇలాగే ఉండే మరో జబ్బు కావచ్చు. దానికి ఆ మందు అంతగా పనిచేయదు. నూగు చూసి సంబరపడటానికి లేదన్నమాట.

మంగళవారం ఏమీ తెలియలేదు. వార్డులో దస్తగిరికి ప్లేట్‌లెట్లు ఎక్కిస్తున్నారు. మాబున్ని మూడుసార్లు కౌంటరుకు వచ్చి, "సీడీ వచ్చిందా?" అని అడిగి వెళ్లింది. సుంకన్న ఈసారి నవ్వలేదు.

బుధవారం మూడు గంటలకు హైదరాబాదు నుంచి ఫోను. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, గొంతు నిదానం. నూట మూడు ఉందంది. పదకొండు సి ఉంది. నూట ఇరవై మూడు ఉంది. తరువాత కాగితం తిప్పిన చప్పుడు. ఆ కాగితం తిరగడానికి పట్టినంత సమయం నా సర్వీసులో మరే కాగితానికీ పట్టలేదు.

"ఇరవై అయిదు కూడా ఉంది సార్. బాగా ఉంది."

మొదటిసారి తాము లింఫోసైట్లు అనే తెల్ల కణాలు ఉండే చోటనే వెతికామని, ఈ కణాలు ఎక్కువగా మోనోసైట్ల చోట పడ్డాయని చెప్పింది. అంటే నా మిషన్ చేసిన పొరపాటే వాళ్ల మిషన్ ముందూ జరిగింది. ఫారంలో ఈ జబ్బు అనుమానం రాసి ఉంటే ముందే చూసేవాళ్లమని కూడా అంది, మర్యాదగానే. మర్యాదగా అన్నారు కాబట్టి ఇంకా గుర్తుంది.

కాగితం మెయిల్లో రాగానే నేనే తీసుకుని సర్జన్‌గారి గదికి నడిచాను. ఆయన చదివి, థియేటరు జాబితాలో ఒక పేరు కొట్టేసి, నాకు టీ తెప్పించారు. ఆయన ఎవరికైనా టీ తెప్పించడం ఆసుపత్రిలో అరుదైన జబ్బుల కంటే అరుదు. తరువాతి వారం ఎముక ముక్క నివేదిక కూడా ఇదే మాట ఖాయం చేసింది.

కర్నూలులో రక్త జబ్బుల వైద్యుడు ఒకాయన దస్తగిరికి మందు ఎక్కించారు. అయిదు రోజులు. ఇక్కడితో కథ అయిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. ఆ మందు చెడ్డ కణాలతోపాటు ఉన్న కాసిని మంచి కణాలనూ మొదట కిందికి తోస్తుంది. కొన్ని వారాలు మనిషి ఏ చిన్న సూక్ష్మజీవికైనా లొంగిపోయేలా ఉంటాడు. మందు అయిన తొమ్మిదో రోజు దస్తగిరికి జ్వరం వచ్చింది. ఆళ్లగడ్డ నుంచి కారులో పడుకోబెట్టి తెచ్చి మా ఆసుపత్రిలో చేర్చారు. విడి గది, యాంటీబయాటిక్కులు, రోజుకొకసారి నెత్తురు పరీక్ష.

రోజూ ఉదయం ఎనిమిదింటికి మాబున్ని కౌంటరు ముందు ఉండేది. "ఈ దినం ఎంత సార్?" అనేది. తెల్ల కణాల లెక్క చెప్పేవాణ్ణి. ఆమె దాన్ని అరచేతిలో పెన్నుతో రాసుకుని పైకి పోయేది. ఒకరోజు నిన్నటి కంటే తగ్గిందని చెప్పాల్సి వచ్చింది. ఆమె రాసుకోలేదు. "ఇది నేను ఆయప్పకు చెప్పను సార్. మీరు గుడక చెప్పొద్దు" అని, నిన్నటి అంకెనే చేతి మీద మళ్లీ దిద్దుకుని వెళ్లింది. లెక్కలు తప్పు రాయకూడదన్నది మా వృత్తిలో మొదటి నియమం. ఆ ఒక్క అంకె విషయంలో నేను నోరు మెదపలేదు.

జ్వరం వారానికి దిగింది. మరో నాలుగు రోజులకు స్లైడు చూస్తూ, ఫ్యాను కింద ఆరినదే, ఒక మూల నిజమైన మోనోసైటు ఒకటి చూశాను. కేంద్రకం చిక్కుడు గింజలా వంగి, అంచు నున్నగా, నూగు లేకుండా ఉంది. సుంకన్నను పిలిచాను. వాడూ చూసి, "వచ్చినాడు సార్" అన్నాడు, బంధువెవరో బస్సు దిగినట్టు. ఈ జబ్బులో మోనోసైట్లు తిరిగి రావడం మూలుగ మేలుకుంటోందన్నదానికి మంచి గుర్తు.

మాబున్నికి చెప్పాను, మేము ఎదురుచూస్తున్న కణం ఒకటి వచ్చిందని.

"ఒకటేనా?"

"ఒకటే."

ఆమె ఆలోచించి, "సరే. అది పోయి మిగతావాళ్లను పిల్చుకొస్తాది లే" అంది. ఆమె చెప్పినట్టే వచ్చాయి.

మూడు నెలలకు దస్తగిరి లెక్కలు మామూలుకు దగ్గరయ్యాయి. ప్లీహం పక్కటెముకల కిందికి వెనుదిరిగింది. ఆ చలికాలంలో ఏదో పని మీద ఆళ్లగడ్డ పోయి, ఆయన అంగడి వెతుక్కుంటూ వెళ్లాను. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి గుడ్డ కిందికి లాగబోతే లోపల నుంచి మాబున్ని గొంతు వినబడింది, "లాగొద్దు, అట్లనే మాట్లాడు." గుమ్మం దగ్గర వెలుతురులో ఆయన చిటికెడు దూది పైకెత్తి అంచు చూసి, పక్కన పెట్టి, ఇంకో చిటికెడు ఎత్తి చూశాడు. అంతసేపు చూసి కుట్టినది నా ఆఫీసు కుర్చీకి దిండు. మైక్రోస్కోపు చూసిన రోజే నా కుర్చీ దిండు చచ్చిపోయి ఉండటం గమనించాడట. రోగి వైద్యుణ్ణి పరీక్షించాడన్నమాట, అడుగు భాగం నుంచి.

ఆ తరువాత కూలరును నేను గది అవతలి వైపుకు మార్పించాను. ఫారాలు వెనక్కి తిప్పి రాయడం అలవాటు చేసుకున్నాను. నా నోటు కాగితం కూడా మార్చాను. అంతకుముందు అందులో రెండు గళ్లు ఉండేవి: ఉంది, లేదు. మూడోది కలిపాను: చూడలేదు. రిటైరయ్యేదాకా కణాల గుర్తుల గురించి నేను సంతకం చేసిన ప్రతి నోటులోనూ ఆ గడి ఉంది. సుంకన్న దాన్ని మాబున్ని గడి అనేవాడు. చాలా నోట్లలో మూడు గళ్లలో అదే పొడుగ్గా ఉండేది. మొదట్లో అది నాకు చిన్నతనంగా తోచింది. తరువాత దాన్నే ముందు నింపేవాణ్ణి.

ఈ ఉదంతం నేర్పింది ఇంతే. లేదు అనడానికి ముందు చూసి ఉండాలి. చూడకపోతే చూడలేదని రాయాలి. రెండు మాటలకూ తేడా కాగితం మీద రెండక్షరాలు. ఆ సోమవారం మాబున్ని కౌంటరు దగ్గర గొడవ పెట్టుకోకుండా ఉండి ఉంటే, ఆ తేడా గురువారం ఆపరేషన్ బల్ల మీద తెలిసేది.